ఫిల్టర్ మార్చాను, ఇంజన్ పట్టేసింది

ప్రశ్న: మా నాన్నగారు 1994లో నెల్లూరులో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ని చెన్నై తెచ్చుకుని, ఇంటి దగ్గరే నేనే మార్పులు చేసుకుంటున్నాను. ఫిల్టర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టాను. అదే రోజు ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ సైలెన్సర్ కూడా బిగించాను. 2టీ ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తున్నాను. మొదట పికప్ అదిరిపోయింది. శ్రీపెరుంబుదూరు హైవే మీద ఇంజన్ పట్టేసింది. బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించాను. ఇప్పుడు మెకానిక్ పోర్టులు (సిలిండర్ గోడలో మిక్చర్, పొగ వెళ్లే దారులు) కూడా అరగదీద్దాం అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, పోరూరు, చెన్నై

జవాబు: వద్దండి. ఆకురాయిని ఆ సిలిండర్ దరిదాపులకు రానివ్వకండి. పోర్టు దగ్గర ఒకసారి అరిగిన లోహం మళ్లీ రాదు. ఇంట్లో చేసే ప్రయోగాలకు నేను పెట్టుకున్న షరతు ఒకటే: నచ్చకపోతే సాయంత్రానికల్లా పాత భాగం తిరిగి బిగించేయగలగాలి. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు, అందులోని సూది ఎత్తును నిర్ణయించే నీడిల్ క్లిప్పు, ఫిల్టరు, సైలెన్సరు ఆ కోవలోవే. పోర్టులు కావు.

ఇక ఇంజన్ ఎందుకు పట్టేసిందంటే, గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. కంపెనీవాళ్లు పాత ఫిల్టర్ బాక్సు వదిలే గాలిని బట్టి మెయిన్ జెట్టు పెట్టారు. కోన్ ఫిల్టర్‌తో గాలి ఎక్కువై, గాలీ పెట్రోలూ కలిసిన మిక్చర్ పల్చబడింది. పల్చటి మిక్చర్‌కి వేడి ఎక్కువ. పిస్టన్ ఉబ్బి బోరును పట్టేసుకుంటుంది. మీది కలిపి పోసే బండి కాబట్టి, పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. మొదట్లో పికప్ అదిరిందన్నారు చూడండి, కొంచెం పల్చబడ్డ మిక్చర్ అలాగే ఊరిస్తుంది.

సైలెన్సర్‌ది వేరే కథ. దాని లోపలి శంకువు నుంచి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి తరంగం, బయటికి జారిపోబోయే తాజా మిక్చర్‌ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అయితే ఆ గొట్టం పొడవు, వాలు ఏ ఆర్‌పీఎంకి కుదిరితే అక్కడే ఆ లాభం. వేరే ఇంజన్‌కి చేసినదైతే తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మీ బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ కూడా ఉంటుంది. పాత సైలెన్సర్ తిరిగి బిగించేయండి. రెండూ ఒకే రోజు మార్చడం వల్ల దేని ప్రభావం ఎంతో మీకు తెలియకుండా పోయింది. ఇకమీదట ఒకసారికి ఒక్కటే.

జెట్టు కంటే ముందు చూడాల్సింది గాలి లీకులు. ముప్పై ఏళ్ల రబ్బరు పగలకుండా ఉండదు. బండి ఐడిలింగ్‌లో ఉండగా కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న రబ్బరు మీద నీళ్లు స్ప్రే చేయండి. శబ్దం మారితే లీకు అక్కడే. మ్యాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపు క్రాంక్ షాఫ్ట్ సీలు ఎండిపోయినా గాలి లోపలికి లాగుతుంది. ఆ లీకు పెట్టుకుని ఎన్ని జెట్లు మార్చినా వృథా. బోరు చేయించినప్పుడు సీళ్లు మార్చారా, మెకానిక్‌ని అడగండి.

తర్వాత జెట్టు. ఒక సైజు పెద్దది వేసి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు పోనిచ్చి, తాళం ఆపుతూనే క్లచ్ పట్టేయండి. బండి ఆగాక ప్లగ్ విప్పండి. పింగాణీ తెల్లగా ఉంటే ఇంకా పల్చన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. బిస్కెట్ రంగు రావాలి. మధ్య థ్రాటిల్‌లో తడబడితే నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించండి, మిక్చర్ చిక్కబడుతుంది. జెట్టు రంధ్రంలో పిన్ను గుచ్చి పెద్దది చేసేవాళ్లున్నారు, చేయనివ్వకండి. పెరంబూరులో మా మెట్ల కింద బల్ల మీద జెట్లన్నీ హోమియో మందు సీసాల్లో, పైన నంబరు రాసి ఉంటాయి. ఏది ఎప్పుడు వేశానో, ప్లగ్ ఏ రంగు వచ్చిందో పక్కనే నోటు పుస్తకం చెబుతుంది. మీరూ ఇవాళే ఒకటి మొదలుపెట్టండి.

కార్బురేటర్ కోసం పాత విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్తే, థ్రాటిల్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడ్ బయటికి లాగి చూడకుండా డబ్బులివ్వకండి. గీతలు పడి వదులుగా ఆడుతుంటే ఐడిలింగ్ ఎప్పటికీ కుదరదు.

ఒక్క విషయం. కొత్త బోరు కాబట్టి ముందు కనీసం ఐదు వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి, ఒకే వేగంలో కాకుండా మారుస్తూ. జెట్టు మాత్రం ఇవాళే పెద్దది వేసేయండి. ఫుల్ థ్రాటిల్ ప్లగ్ పరీక్ష రన్నింగ్ అయ్యాకే.