అమెరికాలో ట్రేడ్‌మార్క్: ఇండియా నుంచే వేయొచ్చు, కానీ లాయర్ కావాలి

అండీ, మీరు గుంటూరులో ఉండి అమెరికాలో పచ్చళ్ల బ్రాండ్ పేరు రిజిస్టర్ చేయాలంటున్నారు, అక్కడ కంపెనీ, అడ్రస్ ఏమీ లేకపోతే కుదరదేమో అని భయపడుతున్నారు కదా, కంపెనీ అక్కర్లేదు. కాకపోతే 2019 ఆగస్టు 3 నుంచి బయటి దేశాల వాళ్లు అక్కడి లైసెన్స్ ఉన్న లాయర్ ద్వారానే వెళ్లాలి, మీరే సొంతంగా నింపి పంపితే ఒప్పుకోరు.

ఇంకో దారి మాడ్రిడ్ ప్రోటోకాల్, అంటే సొంత దేశంలో వేసిన అప్లికేషన్ ఆధారంగా వేరే దేశాల్లోనూ ట్రేడ్‌మార్క్ అడిగే అంతర్జాతీయ ఒప్పందం, ఇండియా 2013లోనే చేరింది. ముందు ఇక్కడ అప్లికేషన్ వేసి (చిన్న సంస్థకి ఆన్‌లైన్‌లో క్లాస్‌కి, అంటే ఒక్కో రకం సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు) దాని మీద అమెరికాని ఎంచుకోవడమే, అన్నీ సరిగ్గా ఉంటే అక్కడి లాయర్ లేకుండా కూడా అయిపోవచ్చు, అభ్యంతరం వస్తే మాత్రం పెట్టుకోక తప్పదు. తిరకాసు ఏంటంటే మొదటి 5 ఏళ్లలో ఇక్కడి మార్క్ పోతే దాని మీద ఆధారపడ్డ అక్కడిదీ పోతుంది. ఒక్క అమెరికానే అయితే నేనైతే నేరుగా లాయర్‌తోనే వేయిస్తా, ఫీజు క్లాస్‌కి 350 డాలర్లు, లాయర్ ఖర్చు వేరు.

ఇక్కడ అప్లికేషన్ వేసి 6 నెలలు దాటలేదా? అయితే ఆ తేదీనే అక్కడా క్లెయిమ్ చేసుకోవచ్చు, అంటే అక్కడా ఆ రోజే వేసినట్టు లెక్క, వదులుకోకండి. పచ్చళ్లు సాధారణంగా 29వ క్లాస్, పొడులు, మసాలాలు 30, రెండూ అమ్మితే రెండు ఫీజులు. లాయర్ పేరు అక్కడి బార్ లిస్టులో (లైసెన్స్ ఉన్న లాయర్ల జాబితాలో) ఉందో లేదో మీరే చూసుకోండి, మా వాడొకడు చవకగా వస్తుందని ఎవరికో డబ్బు కట్టి మోసపోయాడు.