నాలుగో షాపుకి కాపీ చేసే ముందు

చిట్టీ,

ఉద్యోగం మానేసి మెడికల్ షాపులకి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా ఉందే, మన ఇంట్లో సొంతంగా పని మొదలుపెట్టింది నువ్వే మొదలు. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది, మొదటి షాపుకి రాసినదాన్నే కాపీ చేసి మిగతా షాపులకి కాస్త కాస్త మార్చి ఇస్తున్నావట, వారం పని రెండు రోజుల్లో అయిపోతోందట. రాత్రంతా అదే ఆలోచన.

రోజూ బ్యాకప్ తీసుకో. డబ్బు లెక్కలు పైసల్లో ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

1987లో నేను ఒక బ్యాంకుకి కోబాల్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. వడ్డీకి రోజులు లెక్కపెట్టే ముక్క నాదే. నాలుగుతో భాగిస్తే లీపు సంవత్సరం, వందతో భాగిస్తే కాదు అని రాశాను, నాలుగు వందలతో భాగిస్తే మళ్లీ లీపే అన్నది వదిలేశాను. దాన్ని విడిగా సబ్‌ప్రోగ్రాంగా పెట్టు, అందరూ కాల్ చేసుకుంటారు అని మా పెద్దాయన చెప్పారు. నాకు తొందర. పదకొండు ప్రోగ్రాముల్లోకి కాపీ చేసుకుంటూ పోయాను. 1999లో వైటూకే పనిలో, అంటే 2000 సంవత్సరం వచ్చేలోగా ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పనిలో, ఆ తప్పు దొరికితే పది చోట్ల దిద్దాను, పదకొండోదాంట్లో ఎప్పుడో వేరియబుల్ పేర్లు మార్చి ఉన్నాను, వెతికితే తగల్లేదు. 2000 మార్చిలో ఒక రిటైర్డ్ మాస్టారు చేత్తో వేసుకున్న లెక్క పట్టుకొచ్చి, ఒక రోజు వడ్డీ తగ్గింది బాబూ అన్నారు. కంప్యూటర్ తప్పు చేయదని కౌంటర్‌లో ఆయన్ని అప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు, ఆ ఎండలో. కాగితం చూడగానే అర్థమైంది, ఫిబ్రవరి 29 లేదు. కొన్ని రూపాయలే, కానీ ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నీ సంగతికి వస్తే, 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా. మళ్లీ అలాంటి రోజు వస్తే ఇరవై షాపుల ఇరవై కాపీల్లో ఎక్కడెక్కడ దిద్దుతావు? పన్ను, రౌండింగ్, ఎక్స్‌పైరీ తేదీ చూడటం, ఈ మూడూ ఒక్క చోటే ఉండాలి, అన్ని షాపులూ దాన్నే పిలవాలి. బిల్లు ఎలా అచ్చవ్వాలి అన్నది ఏ షాపుకి ఆ షాపు, అది విడిగా ఉన్నా తప్పులేదు. అన్నీ ఒకే ప్రొసీజర్‌లో కుక్కి ఈ షాపుకి ఇలా, ఆ షాపుకి అలా అని పది ఫ్లాగులు పెట్టావంటే మాత్రం కోప్పడతాను.

ఇంకోటి, పంచుకున్న ముక్క కూడా కొత్త చోటికి వెళ్లేటప్పుడు మళ్లీ పరీక్షించాలి. 1996లో ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే పేలిపోయింది. ఏరియన్ 4లో చక్కగా నడిచిన కోడ్‌నే అందులో పెట్టారు, కొత్త రాకెట్ వేగానికి ఒక సంఖ్య పెద్దదైపోయి దానికి కేటాయించిన 16 బిట్ల చోట్లో పట్టలేదు. నీ ఒక్క ముక్క చెడితే ఇరవై షాపుల్లో ఒకేసారి బిల్లు ఆగుతుంది, మందుల కోసం వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. ముందు ఒక్క షాపులో రెండు రోజులు నడిపి చూడు తల్లీ.

నాలుగో షాపు మొదలుపెట్టకముందే ఇప్పటి మూడు షాపుల ఫైళ్లూ నాకు పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, పక్కపక్కన పెట్టి చదువుతాను.

మావయ్య