‘దేవుని సమయం’ గురించి రాస్తున్న తమ్ముడికి

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. తేడా కొట్టింది మూడో పేరాలో. గలతీ 4:4 (‘కాలము పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుని పంపెను’) ఎత్తిరాసి, వెంటనే ‘ఉద్యోగం ఆలస్యమైందని దిగులు పడొద్దు’ అన్నావు. అలా ఓదార్చాలనుంటే కీర్తన 31:15 ఉంది: ‘నా కాలగతులు నీ వశములో నున్నవి’. గలతీ వచనాన్ని మాత్రం ఆ పనికి వాడకు.

నాలుగో అధ్యాయం మొదటి వచనం నుంచి చదువు. ఆస్తంతా తనదే అయినా, పసివాడుగా ఉన్నన్నాళ్లూ వారసుడికీ దాసుడికీ తేడా లేదు. తండ్రి పెట్టిన రోజు వచ్చేదాకా సంరక్షకుల చేతికిందే ఉంటాడు. ఆ ఇంటిని చూపించాకే, ఈ ఉత్తరం రాసిన పౌలు ‘కాలము పరిపూర్ణమైనప్పుడు’ అంటాడు. అయిదో వచనంలో విమోచన, దత్తపుత్రత్వం వస్తాయి. నీ వ్యాసం అక్కడిదాకా వెళ్లలేదు. రోమా బాటలు, గ్రీకు భాష, ఊరూరా యూదుల సమాజమందిరాలు సువార్తకు దారి వేశాయన్నది నిజమే గానీ పౌలు చెప్పిన కారణాలు అవి కావు. వ్యాఖ్యాతల మాటగా రెండు వాక్యాల్లో తేల్చెయ్.

ఇక కొత్త నిబంధన మూలభాష గ్రీకు. ‘క్రోనోస్ గడియారం కాలం, కైరోస్ దేవుని కాలం’ అని ధీమాగా రాశావు. ప్రసంగాల్లో బాగా పేలే మాటే. తీరా చూస్తే గలతీ 4:4లో ఉన్నది క్రోనోస్! మార్కు 1:15లో ‘కాలము సంపూర్ణమైయున్నది’ అన్నచోట, రోమా 5:6లో ‘యుక్తకాలమున’ అన్నచోట కైరోస్. అపొస్తలుల కార్యములు 1:7లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. యోహాను సువార్త ఇంకా చిక్కు. 2:4లో ‘నా సమయమింకను రాలేదు’, 17:1లో ‘నా గడియ వచ్చియున్నది’. తెలుగులో రెండు మాటలు, గ్రీకులో ఒక్కటే: హోరా. కానాలో పెళ్లింట మొదలైన దారం సిలువ ముందటి ప్రార్థన దాకా సాగుతుంది, తెలుగు మాత్రమే చదివేవాడికి అది కనబడదు. 7:6లో మళ్లీ ‘నా సమయమింకను రాలేదు’ అనే ఉంటుంది, అక్కడ మాత్రం కైరోస్. మాట మీద సిద్ధాంతం కట్టేముందు ప్రతి వచనం విడిగా తెరిచి చూసుకో.

ఎదురుచూపుకు నువ్విచ్చిన సముద్రంలో చేపల వేట నిషేధం పోలిక నాకు నచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి, జెట్టీ మీద వలలు బాగుచేసుకుంటారు. ఎదురుచూపు అంటే ఊరికే కూర్చోవడం కాదని చెప్పడానికి అతికినట్టుంది. కానీ వేటగాడికి తేదీ తెలుసు. ‘కాలములను సమయములను’ తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7 చెబుతోంది కదా, పోలిక అక్కడ తెగిపోతుంది. తెగిందని నువ్వే రాసెయ్, పాఠకుడు పట్టుకునేదాకా ఆగకు. తేదీ తెలియని ఎదురుచూపు కావాలంటే మన ఊళ్లోనే ఉంది. లండన్ మిషనరీ సొసైటీ నుంచి 1805లో ఇక్కడ దిగిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ బైబిలు తెలుగు అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సెరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అంతవరకే చెప్పు. ‘అదే దేవుని సమయం’ అని ముద్ర వేయకు, అది మన చేతిలో పని కాదు.

ముగింపు మొత్తం మార్చాలి. ‘ఇదే రక్షణ దినము’ అన్న 2 కొరింథీ 6:2తో, ఈ రాత్రి గడుస్తుందో లేదో అని బయటివాళ్లను బెదిరించావు. ఆ ఉత్తరం వెళ్లింది సంఘానికి. పై వచనంలో, పొందిన కృపను వ్యర్థం చేసుకోవద్దని బతిమాలుతున్నాడు పౌలు. ఆ వెంటనే ఎత్తింది యెషయా 49:8, ‘ఆలకించాను, ఆదుకున్నాను’ అనే దేవుని మాట. అంటే ఆ ‘ఇప్పుడే’లో మోగుతున్నది విడుదల కబురు. దాన్ని 6:1 నుంచి మొదలుపెట్టి, ఎప్పుడో రక్షణ పొందానని సాక్ష్యం చెప్పుకునే విశ్వాసిని ఉద్దేశించి తిరగరాయి. పేరా పది వాక్యాలు దాటనివ్వకు. ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకురా, కూర్చుని చూద్దాం.

ప్రభువునందు,
నీ అన్నయ్య