లోగో కప్పులు పంచబోయే ముందు

తల్లీ,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన కొటేషన్ రెండూ చదివాను. కస్టమర్లకి కంపెనీ పేరు వేసిన కాఫీ కప్పులు ఇద్దామన్న ఆలోచన మంచిదే, నాకు నచ్చింది. కానీ అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకు, శాంపిల్ నీ చేతికి వచ్చేదాకా ఆగు. ఎందుకో చెబుతాను, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ఎవరింట్లో చూసినా, ఏ ఆఫీసులో చూసినా కప్పులకి కొదవ లేదు. అరలో పది ఉన్నా పొద్దున్నే చెయ్యి వెళ్ళేది వాటిలో ఒకటి రెండింటి మీదికే. నువ్విచ్చే కప్పు ఆ ఒకటి రెండింట్లో చేరిందంటే నీ కంపెనీ పేరు రోజూ వాళ్ళ కళ్ళ ముందు ఉంటుంది, చేరలేదంటే పెన్నులు పెట్టుకునే డబ్బాగా మిగులుతుంది, లేదా పై అరలోకి పోతుంది. కాబట్టి లోగో ఎంత పెద్దగా వెయ్యాలి అన్నది తర్వాతి మాట. లోగో లేకుండా ఇదే కప్పు షాపులో కనిపిస్తే నువ్వు డబ్బిచ్చి కొనుక్కుంటావా? కొనను అనిపిస్తే ఇంకొకళ్ళకి ఇవ్వకు. నీ కొటేషన్‌లో సప్లయర్ వంద కప్పుల రేటు పక్కనే వెయ్యి కప్పుల రేటు చూపించి ఆశ పెట్టాడు కదా, అక్కడే చాలామంది పడిపోతారు. అదే డబ్బుతో తక్కువ కప్పులు, మంచివి చేయించు.

శాంపిల్ వచ్చాక దాన్ని బల్ల మీద పెట్టి చూసి ఊరుకోకు. నిండా వేడి కాఫీ పోసి ఎత్తు. మామూలు మగ్గు 11 ఔన్సులది, అంటే సుమారు 325 మిల్లీలీటర్లు పడుతుంది, కప్పు బరువు, కాఫీ బరువు కలిపితే తక్కువేం కాదు, ఆ బరువంతా పిడి మీదే పడుతుంది. పిడిలో వేళ్ళు హాయిగా పడుతున్నాయా, వేలి వెనక భాగం కాలే కప్పుకి తగులుతోందా చూడు. అంచు మరీ మందంగా ఉంటే తాగేటప్పుడు పెదవికి బాగోదు, పక్కనుంచి కారుతుంది కూడా. తర్వాత కప్పుని బోర్లించి అడుగున చుట్టూ ఉన్న గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, లేని రింగు మీద వేలు తిప్పు. అది గరుగ్గా ఉంటే జనం బల్లల మీద గీతలు పడతాయి, ఆ గీతలు చూసినప్పుడల్లా నీ పేరే గుర్తొస్తుంది. ఇవన్నీ ఫొటోలో కనపడవు, అందుకే వాట్సాప్‌లో పంపిన డిజైన్ చూసి ఓకే చెప్పొద్దంటున్నాను.

ప్రింటింగ్ ఏ పద్ధతిలో వేస్తున్నారో కొటేషన్‌లో రాయలేదు, అడిగి రాయించుకో, అసలు కథంతా అక్కడే ఉంది. తక్కువ సంఖ్యలో, ఎక్కువ రంగులతో కావాలంటే సబ్లిమేషన్ చేస్తారు. పైన పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి, పూత ఉన్న కప్పుకి ప్రింట్ చేసిన కాగితం చుట్టి, ఇంచుమించు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాసేపు నొక్కి ఉంచితే రంగు ఆ పూతలోకి దిగుతుంది. ఫొటోలు చక్కగా వస్తాయి, ఒక్కో కప్పు మీద ఒక్కో పేరు కూడా వేయించుకోవచ్చు. అయితే ఈ పద్ధతిలో తెల్ల రంగు అనేది ఉండదు, కప్పు తెలుపే తెలుపుగా కనిపిస్తుంది, కాబట్టి ముదురు రంగు కప్పు మీద తెల్ల లోగో కావాలంటే ఇది పనికిరాదు. పైగా రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఆ పూత నాణ్యతని బట్టి ఉంటుంది. రెండోది డెకాల్ పద్ధతి. సిరామిక్ రంగులతో ముద్రించిన స్టిక్కర్ లాంటిది అతికించి, కప్పుని మళ్ళీ బట్టీలో పెట్టి దాదాపు 800 డిగ్రీల దగ్గర కాలుస్తారు, రంగు గ్లేజుతో కలిసిపోతుంది. ఖర్చు, టైము రెండూ ఎక్కువే, కానీ ఏళ్ళ తరబడి తోమినా చెక్కుచెదరదు. నీ లోగోలో ఉన్నవి రెండే రంగులు, వీలుంటే దీనికే వెళ్ళు. స్టీలు మగ్గులైతే లేజర్‌తో చెక్కించు, అది చెరిగిపోయే మాటే లేదు.

ఏ పద్ధతైనా సరే, శాంపిల్‌ని రోజూ వాడు, పీచుతో గట్టిగా తోము, డిష్‌వాషర్ ఉంటే అందులో కూడా వెయ్యి. సగం చెరిగిన లోగో ఉన్న కప్పు అసలు కప్పు ఇవ్వకపోవడం కంటే అన్యాయం, ఎందుకంటే ఆ మాసిపోయిన పేరుతోనే నీ పనితనాన్ని లెక్కగడతారు.

ఒక్క విషయంలో మాత్రం బేరం ఆడకు. పింగాణీ రంగుల్లో, గ్లేజుల్లో సీసం, కాడ్మియం అనే విషపు లోహాలు ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా మెరిసే ఎరుపు, నారింజ రంగులకి కాడ్మియం వాడటం పాత అలవాటు. పుల్లటి పదార్థాలు తగిలితే అవి కొద్దికొద్దిగా బయటికి వస్తాయి, కాఫీకి కూడా ఆ ఆమ్ల గుణం ఉంది. అవి ఎంత బయటికొస్తున్నాయో తేల్చే అంతర్జాతీయ పరీక్ష ఐఎస్‌ఓ 6486, అందులో పాత్రలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి చూస్తారు. ఆ రిపోర్టు చూపించమని సప్లయర్‌ని అడుగు, నీళ్ళు నమిలితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. పెదవి తగిలే పై అంచు నుంచి 20 మిల్లీమీటర్ల దాకా, కప్పు లోపల కూడా, ఏ ప్రింటూ లేకుండా ఖాళీగా వదిలెయ్యి. బంగారు గీత అందంగానే ఉంటుంది కానీ మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, వద్దు.

డిజైన్ గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. ఎంత పెద్దది చేసినా మసకబారని వెక్టార్ ఫైల్ ఇవ్వు, స్క్రీన్ మీద కనిపించే రంగుని నమ్ముకోకుండా పాంటోన్ నంబర్, అంటే ప్రింటర్లు రంగుని గుర్తుపట్టే నంబర్, ఇవ్వు. ఫోన్ నంబరు, అడ్రసు, మీరు చేసే పనుల జాబితా, క్యూఆర్ కోడ్ అన్నీ కలిపి కప్పు నిండా కుక్కకు. ఆ లింకు రేపు మారొచ్చు, కప్పు మాత్రం పదేళ్ళు ఉంటుంది. పేరు చాలు, అదీ చిన్నగా. కుడిచేత్తో పట్టుకున్నప్పుడు ఒక వైపు తాగేవాళ్ళకి, రెండో వైపు ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది, పేరు ఎదుటివాళ్ళ వైపు పెట్టి, తాగేవాళ్ళ వైపు వాళ్ళకి నచ్చే చిన్న బొమ్మేదైనా వేయిస్తే వాళ్ళు దాన్ని తమ కప్పు అనుకుంటారు.

ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి అందరికీ పంచుతానన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. తిరిగి తిరిగి అలిసిపోయిన మనిషి చేతిలో బరువైనది, పగిలేది పెడితే దాన్ని ఎక్కడో వదిలేసి పోతాడు. అక్కడ అందరికీ కాఫీ ఇవ్వాలనుంటే నీ పేరున్న పేపర్ కప్పులు చాలు. మంచి కప్పు మాత్రం మనుషుల్ని చూసి ఇవ్వు: ఏళ్ళుగా నీతో ఉన్నవాళ్ళకి, కొత్తగా పని అప్పజెప్పినవాళ్ళకి, నిన్ను నలుగురికి చెప్పినవాళ్ళకి. నీ దగ్గర పనిచేసేవాళ్ళని మర్చిపోకు, మొదటి కప్పులు వాళ్ళవే. వీలైతే నువ్వే వెళ్ళి ఇవ్వు, లేదంటే లోపల చేత్తో రాసిన రెండు మాటలు పెట్టి పంపు. డబ్బా గట్టిదై ఉండాలి, ఒకటి ప్యాక్ చేసి నడుమెత్తు నుంచి కింద పడేసి చూడు.

ఇచ్చే ముందు అవతలివాళ్ళ సంస్థలో బహుమతులు తీసుకోవచ్చో లేదో కనుక్కో. అమెరికాలో మందుల కంపెనీల సంఘం ఫార్మా, లోగో వేసిన పెన్నులు, మగ్గుల్లాంటివి డాక్టర్లకి ఇవ్వొద్దని తన నియమావళిలో చేర్చింది, 2009 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. పెన్ను, మగ్గు కూడా మనిషి మనసు మీద పనిచేస్తాయనే కదా అంత దూరం ఆలోచించారు. ప్రభుత్వ ఆఫీసులూ, ఆసుపత్రులూ నీ కస్టమర్లలో ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను, మంచి మనసుతో ఇచ్చింది వాళ్ళకి ఇబ్బంది కాకూడదు.

లెక్క వేసుకునేటప్పుడు నీకు కావాల్సినదాని కంటే కొన్ని ఎక్కువే చేయించి పక్కన పెట్టు. దారిలో పగిలేవి కొన్ని ఉంటాయి. ఎప్పుడో ఒకరు ఫోన్ చేసి కప్పు పగిలిపోయింది, ఇంకోటి దొరుకుతుందా అని అడుగుతారు చూడు, వాళ్ళకి ఆ రోజే పంపించు.

మీ బాబాయ్