అణు నిరోధమా, నిరోధకతా?

సందేహం: 1998 మేలో భారత్, పాకిస్తాన్ రెండూ అణు పరీక్షలు జరిపాయి. మరుసటి ఏడాదే కార్గిల్ పోరు వచ్చింది. పోరును ఆపలేని దాన్ని ‘అణు నిరోధం’ అనవచ్చునా? పత్రికల్లో ‘నిరోధకత’ అనీ రాస్తున్నారు. ఏది సరి?

సమాధానం: చిక్కంతా ‘న్యూక్లియర్ డిటరెన్స్’ అనే ఇంగ్లీషు మాట అనువాదంలో ఉంది. ‘నిరోధం’లో ఉన్న సంస్కృత రుధ్ ధాతువుకు చుట్టుముట్టి కట్టడి చేయడమని అర్థం. అది ఎక్కడికి వెళ్లినా ఒక గోడను వెంటబెట్టుకునే వెళ్తుంది. దారికి అడ్డుపడితే అవరోధం. పరాయి చూపు సోకని అంతఃపురానికీ అవరోధమనే పేరు. ఎదురు నిలిస్తే విరోధం. ‘ని’ చేరిందా, కట్టడి సంపూర్ణం: బౌద్ధుల దుఃఖనిరోధం దుఃఖాన్ని తగ్గించడం కాదు, లేకుండా చేయడం.

ఇంగ్లీషు ‘డిటరెన్స్’లో ఈ గోడ లేదు. భయపెట్టడమనే లాటిన్ క్రియ దానికి మూలం. ‘టెర్రర్’ దాని తోబుట్టువు. సైనిక వ్యూహకర్తల వాడుకా అదే. శత్రువు చేతులు కట్టేయడం కాదు, చేయెత్తితే తనకు మూడేదేమిటో తలచుకుని వాడే వెనక్కి తగ్గేలా చేయడం. 2003 జనవరి 4న కేంద్రం ప్రకటించిన అణు విధానంలో నిరోధక శక్తి ‘విశ్వసనీయంగా’ ఉండాలన్నారు. ఎవరు విశ్వసించాలి? శత్రువు. గోడకు ఎవరి నమ్మకంతోనూ పనిలేదు, నమ్మనివాడికీ తల బొప్పి కడుతుంది. బెదిరింపు మాత్రం ఎదుటివాడు నమ్మితేనే పనిచేస్తుంది.

కార్గిల్‌లో చొరబాటు ఆగలేదు. అయితే నియంత్రణ రేఖ దాటవద్దని మన వైమానిక దళానికి ఆదేశాలిచ్చారు. పోరు ఆ కొండలకే పరిమితమైంది. అందులో అణుభయం పాలెంతో నిపుణులు ఇంకా తేల్చుకోలేదు. ఉన్నంతమేరకు దాన్ని వెరపు అనాలి, నిరోధం అనకూడదు. వెరచినవాడు ఒక అడుగు వేసి రెండో అడుగు దగ్గర ఆగవచ్చు.

‘నిరోధకత’ మాత్రం వద్దు. వ్యాధి నిరోధకత అంటే వ్యాధిని తట్టుకునే గుణం. ‘దేశం అణు నిరోధకత పెంచుకుంది’ అని రాస్తే బాంబు పడినా చెక్కుచెదరదని చదువరి అనుకోడా? ఆయుధానికి విశేషణంగా ‘నిరోధక’ చెల్లుతుంది.

నిరోధం రూఢి అయిపోయింది కాబట్టి తప్పని కొట్టిపారేయను. నా మనసు ‘అణు వెరపు’ మీదే ఉంది. చెవికి కొత్తగా తోస్తే మొదటిసారి రెండు మాటలూ పక్కపక్కన రాయండి.