మూలన పడ్డ ఉప్పునీటి అక్వేరియం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. అగ్గువకు వస్తుందని నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం ఒకటి సెకండ్‌హ్యాండ్‌ల తీసుకున్న. సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి), స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం), మోటార్లు, రాళ్లు, ఇసుక అన్నీ ఇచ్చిండ్రు. చానా రోజుల నుంచి ఎవరూ ముట్టనట్టుంది. గాజు మీద తెల్లగ గడ్డకట్టింది, ఇసుక అడుగున నల్లగున్నది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె?
– పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు అమ్మినవాళ్లకు ఫోన్ చేసి ఒక్క సంగతి అడగండి: చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు కాపర్ మందు ఈ ట్యాంకులోనే పోశారా? అక్వేరియం రాళ్లు, ఇసుక చాలావరకు సున్నపు జాతివి. రాగి వాటికి అంటుకుని ఉండిపోతుంది. నీటి పీహెచ్ తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. చేప తట్టుకునే మోతాదుకే రొయ్యలు, నత్తలు, పువ్వుల్లా కనిపించే ఎనిమోన్ జీవులు చచ్చిపోతాయి. పోశామన్నా, గుర్తులేదన్నా ఆ రాళ్ల మీద ఆశ వదులుకోండి. కాపర్ కిట్‌తో పరీక్షిస్తే ఈ రోజు సున్నా చూపించవచ్చు, రెండు నెలల తర్వాత చూపించకపోవచ్చు. ఇసుక మాత్రం ఏ జవాబు వచ్చినా పారేయాల్సిందే. అడుగున ఆ నలుపు గాలి ఆడక కుళ్లిన మడ్డి. కదిపితే కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది, అది విషవాయువు. ట్యాంకును ఆరుబయట పెట్టే తీయండి. కొత్త ఆరగనైట్ (సున్నపు జాతి) ఇసుక రెండు సెంటీమీటర్ల మందానికి 15 కిలోల దాకా పడుతుంది.

గాజు మీది తెల్లటి గడ్డలకు తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి అరగంట అతికించి ఉంచండి. తర్వాత కొత్త బ్లేడుతో, గాజుకు వాలుగా పట్టుకుని గీకాలి. మూలల్లో సిలికాన్ దగ్గరికి బ్లేడు పోనివ్వొద్దు, అక్కడ పాత టూత్‌బ్రష్ వాడండి. వెనిగర్ వాడిన చోట బ్లీచ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి పూర్తిగా కడిగి ఆరబెట్టాకే రెండోది.

ఇప్పుడు లీకు పరీక్ష. లెవెల్‌గా ఉన్న నేల మీద థర్మోకోల్ షీటు పరిచి, దాని మీద ట్యాంకు పెట్టి, చుట్టూ పొడి న్యూస్‌పేపర్ వేయండి. మూడో వంతు నింపి నాలుగు గంటలు ఆగి, మళ్లీ మూడో వంతు, ఆ తర్వాత పూర్తిగా. నిండిన ట్యాంకు మూడు రోజులు ఉండాలి. చెమ్మ కంటికి కనపడకపోయినా కాగితం మీద మచ్చ పడుతుంది. కారితే ఆ ఒక్క చోట సిలికాన్ పూసి సరిపెట్టుకోవద్దు, కొత్త సిలికాన్ పాతదానికి అంటుకోదు. లోపలి అంచుల పూత మొత్తం గీకి, అసిటోన్‌తో తుడిచి, చుట్టూ ఒకేసారి పూయాలి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే మామూలు గాజు సిలికాన్ చాలు. బాత్రూమ్‌లకు అమ్మే బూజు పట్టని రకంలో బూజు మందు ఉంటుంది, అది చేపలకు విషం. పూశాక వారం ఆగి నీళ్లు పోయండి. రెండు గాజుల మధ్య అతుకులోనే బుడగలు, తెల్లటి చారలు కనిపిస్తే మాత్రం పై పూతతో పని కాదు. పలకలు విప్పి మళ్లీ అతికించాలి. ఆ ఖర్చుకు కొత్త ట్యాంకు చేయించుకోవడమే మేలని మా అభిప్రాయం.

కాపర్ పడలేదని తేలిన రాళ్లను, వాసన లేని లిక్విడ్ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి ఒక రోజు నానబెట్టండి. తర్వాత రెండుసార్లు కడిగి, యాంటీ క్లోరిన్, అంటే హైపో కలిపిన నీళ్లలో ఇంకో రోజు ఉంచి, మన ఎండలో బాగా ఎండబెట్టండి. బ్లీచ్ వాసన ఏమాత్రం ఉన్నా మళ్లీ హైపోలో వేయాలి.

నీళ్ల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా పనికిరావు. ఇంట్లో ఆర్ఓ ఉంది కదా అనుకుంటారు. దాంట్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ ఉంటే అది పచ్చి నీళ్లను కొంత కలుపుతుంది. మినరల్ కార్ట్రిడ్జ్, మరీ ముఖ్యంగా కాపర్ కార్ట్రిడ్జ్ ఉంటే మొదటి పేరాలో భయపడిన రాగిని మనమే రోజూ పోసినట్టు అవుతుంది. మెంబ్రేన్ నుంచి నేరుగా ఒక పైపు తీయించి, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ పెట్టించండి. టీడీఎస్ మీటర్ పది లోపు చూపాలి.

మీ ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుంటే గాజు లోపల 240 లీటర్ల దాకా పడుతుంది. రాళ్లు, ఇసుక, పై ఖాళీ తీసేసి సంప్ కలిపితే 200 లీటర్ల నీళ్లకు లెక్క వేసుకోండి. లీటరుకు 37 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు ఏడున్నర కిలోలు. వంట ఉప్పు కాదు. డ్రమ్ములో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం సున్నంలా అడుగున పేరుకుంటుంది. మోటారుతో ఒక రోజు తిప్పి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు), అంటే సాంద్రత 1.026 దరిదాపుల్లో రావాలి. మీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోండి.

తర్వాత, చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను అరిగించే బ్యాక్టీరియా పెరిగే దశ. 200 లీటర్లకు ఒకటింబావు గ్రాము అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు) వస్తుంది. కళాయి పోసేవాళ్ల నవసాగరం కూడా ఇదే, కానీ అందులో మలినాలుంటాయి. ల్యాబ్ కెమికల్స్ షాపులో కొనండి. అది తగ్గాక మళ్లీ అంతే వేసి చూడండి. అలా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పుడు సగం నీళ్లు మార్చి, వేరే ట్యాంకులో నాలుగు వారాలు విడిగా ఉంచిన రెండు క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. తర్వాతి చేపకు మూడు వారాలు ఆగాలి.

పాత హీటర్ పారేయండి. లోపలికి చెమ్మ దిగి ఉంటే నీళ్లకు కరెంటు కొడుతుంది. 200 వాట్ల కొత్తది చాలు, డిసెంబర్, జనవరి రాత్రులకే దాని అవసరం. లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారే ఉప్పునీళ్లు ప్లగ్గులోకి పోవు. అన్నీ బిగించాక మెయిన్ ఆపి చూడండి. పైనుంచి వెనక్కి దిగే నీళ్లు సంప్ పొంగకుండా పట్టాలి. సంప్ నుంచి ట్యాంకులోకి నీళ్లు తెచ్చే రిటర్న్ పైపుకు నీటిమట్టానికి కొద్దిగా కింద ఉండే చిన్న రంధ్రమే నీళ్లు మరీ దిగకుండా ఆపేది. అది ఉప్పు, పాచితో మూసుకుపోతుంది. వారానికోసారి పిన్నుతో తీయండి.

ప్రశ్న: పాత స్కిమ్మర్ నడుస్తుంది గాని నురగ వస్తలేదు. మోటార్ చప్పుడు కూడా చేస్తున్నది.
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎక్కువసార్లు తప్పు గాలి పైపుదే. లోపల ఉప్పు గడ్డకట్టి గాలి పోదు. గోరువెచ్చని మంచినీళ్లు గాలి పైపు గుండా పీల్చనివ్వండి. అలా అయినా రాకపోతే మోటార్ విప్పి వెనిగర్ నీళ్లలో రాత్రంతా ఉంచండి. ఇంపెల్లర్ (మోటార్ లోపల తిరిగే రెక్క) అయస్కాంతం ఉబ్బినా, తుప్పు మరక కనిపించినా అది మార్చాల్సిందే, ఆ తుప్పు నీళ్లలోకే పోతుంది. సెరామిక్ ఇరుసు విరిగితే ఆ చప్పుడు వస్తుంది. సంప్‌లో నీటిమట్టం కంపెనీ చెప్పిన ఎత్తులో ఉందో లేదో కొలిచి చూడండి. కడిగిన స్కిమ్మర్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

ప్రశ్న: ట్యాంకుతో పాటు పగడాల ఎముకలు ఇచ్చారు, పెట్టుకోవచ్చా? నీళ్లు బాపట్ల నుంచి తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు తప్పుతుంది కదా?
– పాఠకుడు, కాజీపేట

జవాబు: పగడపు దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ప్రాణం లేని ఎముకకూ ఆ చట్టం వర్తిస్తుంది. ఎవరికీ అమ్మొద్దు, ఇవ్వొద్దు, అటవీ శాఖ కార్యాలయంలో చెప్పి అప్పగించండి. సముద్రగుర్రాలు, సముద్ర దోసకాయలు ఎవరైనా తక్కువకు ఇస్తామన్నా ఇదే మాట. ఒడ్డు నీళ్లు వద్దు. కృష్ణ కలిసే ఆ తీరంలో వానాకాలం ఉప్పదనం పడిపోతుంది, మట్టి, మురుగు తోడు. డబ్బాల్లో రైలెక్కించి తెచ్చేసరికి అందులోని సూక్ష్మజీవులు చచ్చి నీళ్లు కుళ్లడం మొదలవుతుంది.

ప్రశ్న: వరంగల్ ఎండాకాలంలో చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) లేకుండా నడుస్తుందా?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: చేపలు మాత్రమే ఉంటే నడిపించవచ్చు. నీళ్లు 30 డిగ్రీలు దాటకుండా చూడాలి. నీటి మీద ఏటవాలుగా చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, గాజు మూత తీసి వల కప్పండి. ఆ గదిలో ఎయిర్ కూలర్ మాత్రం పెట్టొద్దు. గాలిలో తేమ నిండితే ట్యాంకు నీళ్లు ఆవిరి కావు, ఫ్యాన్ ఉన్నా లాభం ఉండదు. ఏసీ గది అయితే ఆ బాధే లేదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయాలి, రోజూ కొద్దికొద్దిగా. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది గనుక కరెంటు పోతే చేపలకు గండం త్వరగా వస్తుంది. నీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సెల్స్ వేసి పక్కనే ఉంచుకోండి.