కుక్కపిల్ల కొరికితే చెయ్యెత్తకు తల్లీ

తల్లీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "విన్నావా, నీ మేనకోడలు కుక్కపిల్లను తెచ్చుకుంటోందట" అంది. ముందు నవ్వొచ్చింది. వీధి చివర కుక్క మొరిగితే నా భుజాలెక్కి దిగనంటే దిగనని ఏడ్చింది నువ్వే కదా! తర్వాత కాసేపు గర్వంగానూ అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు. నీకేమో కోపం అచ్చం నాదే వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

8 వారాలు నిండకుండా తేవద్దు. తోడబుట్టిన వాటితో కలబడి ఆడేటప్పుడే, ఎంత గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేసి పోతుందో అది నేర్చుకుంటుంది. ఆ చదువు మధ్యలో మాన్పించి తెస్తే మిగతా పాఠాలన్నీ నీ వేళ్ల మీదే.

ఎలాగూ కొరుకుతుంది. వేళ్లు, మడమలు, ప్యాంటు అంచులు, ఏది కదిలితే అది. 28 పాలపళ్లు, ఒక్కోటీ సూది మొన. దానికి చేతుల్లేవు కదా, పట్టి చూడాలన్నా, ఆడదామని పిలవాలన్నా నోరే గతి. నాలుగో నెల వచ్చేసరికి ఆ పళ్లు ఊడటం మొదలవుతుంది. 6, 7 నెలలకు 42 పళ్లూ వచ్చేస్తాయి. ఆ మధ్యలో చిగుళ్లు సలుపుతాయి. పాత తువ్వాలు తడిపి, ముడేసి, ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వు. పీకి మింగకుండా పక్కనే ఉండు. గట్టి ఎముకలు వద్దు, పళ్లు విరుగుతాయి. కరెంటు వైర్లు ముందే పైకి కట్టేయండి.

సాయంత్రాలు పూనకం వచ్చినట్టు ఇల్లంతా పరుగెత్తి, కనబడ్డవాళ్లనల్లా కొరికిందంటే దానికి నిద్ర చాలలేదని అర్థం. ఆ వయసులో రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. మూడేళ్లప్పుడు నువ్వూ అంతే. నిద్రొస్తోందా అని అడిగితే కొట్టడానికి వచ్చేదానివి.

ఇక అసలు సంగతి. ముప్పై ఏళ్ల కిందట మా ఇంటికి బంటి వచ్చింది. మూడు నెలల పిల్ల. వారం తిరక్కుండానే నా వేళ్లన్నీ గాట్లు. కుక్కల సంగతి బాగా తెలుసని చెప్పుకునే ఒకాయన, "మూతి బిగించి పట్టుకుని ముక్కు మీద ఒక్కటివ్వండి, వారంలో మానేస్తుంది" అన్నాడు. అలాగే చేశాను. వారం కూడా పట్టలేదు, నాలుగు రోజుల్లో మానేసింది. పొంగిపోయాను. ఓసారి గుర్రుమంటే అప్పుడూ ఒకటిచ్చాను. గుర్రుమనడం కూడా మానేసింది. ఇంత బుద్ధిమంతురాలు ఎక్కడా ఉండదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాణ్ణి.

తల దువ్వుకోవడానికి చెయ్యెత్తితే అది చెవులు వెనక్కి అంటించేసి, కళ్లు మూసుకుని, నేలకు కుంగిపోయేది. అది మర్యాద అనుకున్నాను చూడు, అదీ నా తెలివి. మీ అత్తయ్యే ఓ రోజు, "అది దణ్ణం పెట్టట్లేదండీ, దెబ్బ ఎప్పుడు పడుతుందా అని కాచుకుంటోంది" అంది. ఆ మాట కూడా నా తలకెక్కలేదు.

రెండేళ్లు తిరిగాక దాని కాల్లో ముల్లు దిగింది. తీద్దామని చెయ్యి చాచాను. గుర్రు లేదు, పళ్లు చూపించడం లేదు, ఒక్కసారిగా పట్టేసింది. నా కుడి బొటనవేలి కింద మచ్చ గుర్తుందా? చిన్నప్పుడు నువ్వడిగితే గాజుపెంకు గీసుకుందని చెప్పాను. అబద్ధం. అసలే కుక్కలంటే హడలిపోయే పిల్లవి, ఇంకా బెదరగొట్టడం ఎందుకని. దాన్ని ఒక్క మాట అనలేకపోయాను. 'ఆగు, నొప్పిగా ఉంది' అని చెప్పడానికి దానికున్నది ఆ గుర్రు ఒక్కటే. దాన్ని కొట్టి మాన్పించింది నేనే.

తర్వాత కొన్ని నెలలు రోజూ సాయంత్రం దాని వైపు చూడకుండా నేల మీద కూర్చుని, అరచెయ్యి తెరిచి పెట్టుకునేవాణ్ణి. ఓ రోజు వచ్చి గడ్డం ఆనించింది. తడి ముక్కు, వెచ్చటి ఊపిరి. నేను ఊపిరి బిగబట్టాను. పన్నెండేళ్లు బతికింది. ఎత్తిన చెయ్యి చూస్తే మాత్రం చివరిదాకా కుంగిపోతూనే ఉండేది.

అందుకే చెబుతున్నా, కొరికినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోకు, ఇంకా వెంటపడుతుంది. కదలకుండా ఉంచి బొమ్మ అందించు. అయినా వదలకపోతే మాట్లాడకుండా లేచి అర నిమిషం పక్కగదిలోకి పో. వచ్చి మళ్లీ మామూలుగా ఉండు. రోజుకు ఇరవై సార్లయినా అదే పని. విసుగే, తెలుసు. 'అబ్బా' అని అరిస్తే కొన్ని ఆగుతాయి, కొన్ని రెచ్చిపోతాయి, నీది ఏ రకమో నువ్వే చూసుకో. మీ ఆయన చేతులతో కుస్తీ ఆడిస్తే మాత్రం ఇదంతా దండగ. ఆయనకూ చెప్పు.

పిల్లాణ్ణీ దాన్నీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు. వాడు పరుగెత్తి కేకలేస్తే దానికి అది ఆట. చేతులు కట్టుకుని చెట్టులా నిలబడమను. పన్ను దిగి చర్మం చిట్లితే 'పిల్లదే కదా' అని ఊరుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. రేబిస్ టీకా మామూలుగా మూడు నెలలు నిండాకే వేస్తారు, అందాకా దానికి రక్షణ లేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఇక చేసేది దాదాపు ఏమీ ఉండదు. ఈ ఒక్క విషయంలో నన్ను చాదస్తుడని తిట్టుకున్నా పర్లేదు.

గిన్నె దగ్గరకు వెళ్తే ఒళ్లంతా కర్రలా బిగుసుకుని ఓరగా చూస్తోందంటే అది ఆట కాదు. నువ్వు వైద్యం చెయ్యబోకు, పశువుల డాక్టరును అడుగు.

వచ్చే నెల వస్తాం. దాన్ని ఎత్తుకొచ్చి నా ఒళ్లో పడేయకు. నేను నేల మీద కూర్చుంటాను, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. మీ అత్తయ్య అప్పుడే నాలుగు పాత తువ్వాళ్లు ఉతికి మడతపెట్టింది.

నీ మామయ్య